పుస్తకం ఇవ్వకపోతే మానె, జాబితా అయినా ఇవ్వండి

పాత తెలుగు పుస్తకాల స్కానింగ్ మాట ఎక్కడొచ్చినా ఎన్ని వేల పుస్తకాలు అయ్యాయి, ఎన్ని హార్డ్ డిస్కులు నిండాయి అనే లెక్కే వినిపిస్తుంది. ఆ పుస్తకాల జాబితా ఎక్కడుంది, దాన్ని మొత్తంగా దించుకోవచ్చా అని అడిగేవాళ్లు కనబడరు. నా గోలంతా ఆ జాబితా గురించే. పుస్తకం ఇవ్వడానికి కాపీరైటు అడ్డమొస్తుంది, సర్వర్ ఖర్చు అడ్డమొస్తుంది, కమిటీలో ఒకాయన ససేమిరా అంటాడు, అర్థం చేసుకోగలను. కానీ మా దగ్గర ఫలానా పుస్తకం ఉంది, ఫలానావారు రాశారు, ఫలానా ఏడు ఫలానా ప్రెస్సులో అచ్చయింది అని చెప్పడానికి ఏం అడ్డం?

చాలా చోట్ల ‘వెతుకు’ అని ఒక డబ్బా పెట్టి ఊరుకుంటారు. ఏం కావాలో ముందే తెలిసినవాడికి అది పనికొస్తుంది. గోదావరి జిల్లాల్లో 1910కి ముందు అచ్చయిన నాటకాలన్నీ ఏవేవి అని చూడాలనుకున్నవాడు ఆ డబ్బాలో ఏం కొట్టాలి? వాడికి కావలసింది మొత్తం పట్టిక. ఎక్సెల్లో తెరిచి, ఊరును బట్టి ఒకసారి, ఏడును బట్టి ఒకసారి వరస మార్చుకుని చూసుకునే పట్టిక. ఇంకొందరు జాబితా ఇస్తారు గానీ పీడీఎఫ్‌లో ఇస్తారు, అది కూడా డీటీపీవాళ్లు వాడే, యూనికోడ్ కాని ‘అను’ ఫాంటులో కొట్టిన పేజీల ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసి. ఇచ్చినట్టూ ఉంటుంది, ఇవ్వనట్టూ ఉంటుంది.

కాపీరైటు భయం ఉన్నవాళ్లకు ఒక్క మాట. పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన ఏడు, పేజీల సంఖ్య ఇవన్నీ నిజాలు. నిజాల మీద ఎవరికీ కాపీరైటు ఉండదు. ఎంతో శ్రమపడి తయారుచేశాం కదా అంటే, 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఒట్టి శ్రమ చాలదు, కొంచెమైనా సృజన ఉండాలని చెప్పేసింది. ఎవరైనా పుస్తకాన్ని పరిచయం చేస్తూ నాలుగు వాక్యాలు సొంతంగా రాసి ఉంటే అది వేరే సంగతి, ఆ ఒక్క కాలమ్ పక్కన పెట్టుకుని మిగతాది ఇచ్చేయొచ్చు.

జాబితా సరిగ్గా లేకపోతే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను చూస్తే తెలుస్తుంది. 2000ల మొదట్లో పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు అని మొదలైంది, వెనకున్న ఆలోచన రాజ్ రెడ్డి గారిది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల నుంచి పని నడిచింది, తెలుగు పుస్తకాలు వేలల్లో స్కాన్ అయ్యాయి. ఆ పని జరగకపోతే నాలాంటివాడు సగం పుస్తకాలు కంటితో చూసేవాడే కాదు, అందుకు ఎప్పటికీ దండం పెడతాను. కానీ వివరాలు ఎక్కించిన తీరు చూస్తే ఏడుపొస్తుంది. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో. రచయిత గడిలో చాలా చోట్ల ‘నల్’ అని ఉంటుంది, అంటే ఖాళీ అని కంప్యూటర్ భాషలో. కొన్ని తెలుగు పుస్తకాలు వేరే భాష కింద పడి ఉంటాయి. నాలుగు సంపుటాల పుస్తకమైతే నాలుగింటికీ ఒకటే పేరు, ఏది ఎన్నో సంపుటమో తెరిచి చూస్తే తప్ప తెలియదు.

ఆ ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక తమాషా ఉంది. కొన్ని పేర్లు చెవికి వినబడినట్టు ఎలా తోస్తే అలా కొట్టారు, వాటితో చేయగలిగింది ఏమీ లేదు, ఒక్కోటీ చూసి దిద్దుకోవాల్సిందే. ఇంకొన్ని మాత్రం ఒక పద్ధతి ప్రకారం కొట్టారు. సున్న వచ్చినచోట ఎన్ పక్కన అపోస్ట్రఫీ, ఋకారం వచ్చినచోట ఆర్ పక్కన ఎక్స్, దీర్ఘానికి అచ్చు రెండుసార్లు. మొదటిసారి చూసినప్పుడు ఎవరో నిద్రమత్తులో కొట్టారనిపిస్తుంది. కానీ పద్ధతి ఉంది కాబట్టి చిన్న ప్రోగ్రాం రాస్తే అవి చాలావరకు తిరిగి తెలుగు లిపిలోకి వచ్చేస్తాయి. చూడ్డానికి వికారంగా ఉన్నా పద్ధతిగా ఉన్న డేటా, అందంగా ఉండి ఒక్కో వరసలో ఒక్కో తీరుగా ఉన్న డేటా కంటే వెయ్యి రెట్లు నయం.

తర్వాత ఆ సైటు మూతపడింది. అప్పటికే కార్ల్ మలముద్ అనే అమెరికా ఆయన చాలా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎత్తి పెట్టబట్టి బతికిపోయాం, అక్కడ ఇప్పటికీ ‘ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015’ అని మొదలయ్యే నంబర్లతో కనబడేవి అవే. ఇక్కడ చెప్పుకోవలసింది ఇంకోటి ఉంది. తెలుగు వికీపీడియాలో కొందరు 2014 ప్రాంతంలో కూర్చుని, ఆ డిజిటల్ లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాల పేర్లు, రచయితలు తెలుగు లిపిలో అక్షరక్రమంలో జాబితాలుగా రాసి పెట్టారు. సైటు పోయాక పాత లింకులు పనిచేయడం మానేశాయి, కానీ జాబితాలో బార్‌కోడ్ నంబరు కూడా ఉన్నచోట ఆ నంబరు పట్టుకుని వెతికితే పుస్తకం కొత్త చోట దొరికింది, ఎందుకంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వివరాల్లో కూడా ఆ బార్‌కోడ్ అలాగే ఉంది. అందుకే ఎవరు జాబితా తయారుచేస్తున్నామన్నా ముందు నేను అడిగేది పుస్తకం మీద మీ నంబరు ఏమిటి, అది మారదు కదా అని. లింకు మారుతుంది, సైటు మారుతుంది, సంస్థ పేరే మారొచ్చు, యాక్సెషన్ నంబరు, అంటే గ్రంథాలయం తన దగ్గరికొచ్చిన పుస్తకానికి ఇచ్చుకునే నంబరు, మాత్రం మారకూడదు.

అసలు ఇదేదో కొత్తగా కనిపెట్టిన పనేం కాదు. 1867లో తెల్లవాళ్లు ప్రెస్సుల చట్టం తెచ్చినప్పుడు, దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం వివరాలూ నమోదు చేసి మూడు నెలలకోసారి గెజిట్‌లో ప్రకటించాలని రాశారు. ఎందుకు? మన సాహిత్యం మీద ప్రేమతో కాదు, ఎవడు ఏం అచ్చేస్తున్నాడో కనిపెట్టడానికి. కానీ ఆ చట్టం అడిగిన వివరాలు చూడండి: పుస్తకం పేరు, దానికి ఇంగ్లిష్ అర్థం, భాష, రచయిత, విషయం, అచ్చయిన ఊరు, ప్రెస్సు పేరు, బయటికొచ్చిన తేదీ, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత, హక్కులు ఎవరివి, ఆయన ఉండేది ఎక్కడ. మద్రాసు ప్రెసిడెన్సీ జాబితాల్లో మన తెలుగు పుస్తకాలు ఎన్నో అలా ఎక్కాయి. ఎన్ని ప్రతులు వేశారో ఈ రోజు పబ్లిషర్ సొంత తమ్ముడికి కూడా చెప్పడు! నిఘా కోసం పుట్టిన ఆ జాబితాలను బ్రిటిష్ లైబ్రరీ తన ‘రెండు శతాబ్దాల భారతీయ ముద్రణ’ ప్రాజెక్టులో స్కాన్ చేసి అందరికీ ఇచ్చింది. పోలీసు కన్నుతో రాసిన పట్టికలే మన సాహిత్య చరిత్రకు ఇంత నిండుగా పనికొస్తుంటే, ప్రేమతో రాసేవాళ్లం రచయిత గడిలో ‘నల్’ అని వదిలేస్తే ఎలా?

ఇక జాబితా రాసేటప్పుడు తలనొప్పి ఎక్కడొస్తుందో చెబుతాను. ఈ మధ్య ఒక పుస్తకం ముఖపత్రం చూశాను. వావిళ్ల వారి అచ్చు, చెన్నపురి. ఏడు దగ్గర ‘ప్రభవ’ అని మాత్రమే ఉంది. ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1927 ఉగాది నుంచి ఒక ఏడాది, మళ్లీ 1987 ఉగాది నుంచి ఒక ఏడాది, వెనక్కి వెళ్తే 1867. పేజీ చిరిగి శకసంవత్సరం అంకె పోయింది. కింద మూల చిన్న అక్షరాల్లో ‘వెల రు. 1-4-0’ అని ఉంది, అంటే రూపాయి నాలుగణాలు. అణాల లెక్క 1957 ఏప్రిల్ 1న పోయి నయాపైసలు వచ్చాయి కాబట్టి 1987 కాదు. కాగితం, అచ్చు తీరు చూస్తే 1867 అసలే కాదు. కాబట్టి 1927 లేదా 28. ఇప్పుడు కంప్యూటర్ గడిలో ఏం రాయాలి? చాలామంది 1927 అని కొట్టేసి ముందుకు పోతారు. అలా చేస్తే పుస్తకం మీద ఏముందో, మనం ఊహించింది ఏమిటో రెండూ కలిసిపోతాయి, తర్వాత వచ్చినవాడికి విడదీసే దారి ఉండదు. రెండు కాలమ్‌లు పెట్టండి. ఒకదాంట్లో ఉన్నది ఉన్నట్టు ‘ప్రభవ’, రెండోదాంట్లో ‘1927–28’. వెలకు ఇంకో కాలమ్. వెల ఎందుకండీ అని చాలామంది నవ్వుతారు. ఇందుకే.

పేర్ల సంగతి ఇంకో కథ. బయటి దేశాల సాఫ్ట్‌వేర్లు కొన్ని పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకుని దాన్ని ముందుకు తెస్తాయి. దాంతో శాస్త్రులందరూ ఒకచోట, రావులందరూ ఒకచోట పోగుపడతారు. సరే, ఇంటిపేరుతోనే వెతుకుదామని ‘శ్రీపాద’ అని కొడితే కృష్ణమూర్తిశాస్త్రి గారూ సుబ్రహ్మణ్యశాస్త్రి గారూ కలిసి వస్తారు, ఒక్కోచోట ఒకరి పుస్తకం ఇంకొకరి పేరు కింద ఉంటుంది. ఇద్దరూ రాజమండ్రి వైపువాళ్లే. ఒకాయన భారత భాగవత రామాయణాలను ఒంటిచేత్తో తెలిగించిన కవి, ఇంకొకాయన కథకుడు, రాతలో ఇద్దరికీ పోలికే లేదు. ఇది పండితుల బాధ మాత్రమే అనుకోకండి. మన దేశంలో రచయిత పోయిన ఏడు దాటాక అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. కృష్ణమూర్తిశాస్త్రి గారు 1960లో పోయారు, ఆయన రచనలకు 2020 చివరితో గడువు తీరింది. సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, ఆయనవాటికి 2021 చివరితో తీరింది. ఎవరి పుస్తకం ఎవరి పేరు కింద పడిందన్నదాన్ని బట్టి, స్కాన్ బయట పెట్టొచ్చా కూడదా అన్నది ఒక ఏడాది అటూ ఇటూ అయ్యేది. రచయిత పేరు పక్కన పుట్టిన, పోయిన ఏళ్లు రాస్తే సగం గొడవ తీరుతుంది. వికీపీడియావాళ్లదే వికీడేటా అని ఒక ఉమ్మడి వివరాల పట్టిక ఉంది, అందులో ఆ రచయితకు ఉన్న నంబరు కూడా రాస్తే దాదాపు మొత్తం తీరుతుంది, ఎందుకంటే పేరును పది రకాలుగా రాసినా ఆ నంబరు ఒకటే.

మా వైపు ఒక పట్నంలో ఒక పాత గ్రంథాలయం ఉంది, ఊరు పేరు చెప్పను. సెక్రటరీ గారు రిటైరైన హెడ్మాస్టరు, పుస్తకాలంటే ప్రాణం పెడతారు. దాతల డబ్బుతో స్కానింగ్ చేయించారు, ఎక్సెల్లో జాబితా కూడా ఉంది. దాన్ని అందరికీ ఇద్దాం మాస్టారూ అంటే తల అడ్డంగా ఊపారు.

“లిస్టు బయటపెట్టామనుకో బాబూ, రేపటినుంచి ప్రతివాడూ ఫోన్ చేసి పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపమంటాడు. లేదంటే తిట్టేది మమ్మల్నే. పైగా ఎవడో మా లిస్టు తీసుకుపోయి తన పేరు పెట్టుకుంటాడు. ఇంకా చెప్పాలంటే, లిస్టు వాళ్ల ఇంట్లోనే ఉంటే లైబ్రరీకి ఎవరొస్తారు?”

ఆయన టెన్షన్‌ను నేను కొట్టిపారేయను. మూడో మాట మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఏముందో తెలియని చోటికి ఎవరూ పనిగట్టుకుని రారు. వేటపాలెం సారస్వత నికేతనానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వెళ్లేది అక్కడ పాత పత్రికలు ఉన్నాయని నలుగురికీ తెలియబట్టే. మొదటిదానికి మందు సులువు: జాబితాలో ఇంకో కాలమ్ పెట్టి ‘ఇక్కడికి వచ్చి చదవాలి’, ‘స్కాన్ ఇవ్వగలం’, ‘ఇంకా స్కాన్ కాలేదు’ అని ముందే రాసేయడం. రెండోదే అసలైన కష్టం. ఊళ్లో చిన్న గ్రంథాలయం వాళ్లు ఏళ్ల తరబడి దుమ్ములో కూర్చుని రాసిన పట్టికను ఎవరో ఒక్క పూటలో దించుకుని సొంత ఊరేగింపు చేసుకుంటే కడుపు మండదా? లైసెన్సు గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ మంట చల్లారదు. నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే. ప్రతి వరసలోనూ మీ గ్రంథాలయం పేరు, మీ యాక్సెషన్ నంబరు ఉండాలి, ఫైలు మొదట్లో ఒక్కసారి రాస్తే చాలదు. అప్పుడు ఒక్క వరస ఎక్కడికి పోయినా మీ పేరు దాంతోపాటే పోతుంది. తీసేయాలనుకున్నవాడు తీసేస్తాడు, నిజమే, కానీ చాలామంది తీసేయరు, బద్ధకం వల్లనైనా.

తాళపత్రాలు, అరుదైన ప్రతులు ఉన్నచోట దొంగల భయం కూడా ఉంటుంది. బయటికిచ్చే కాపీలో బీరువా నంబరు, అర నంబరు తీసేయండి, సరిపోతుంది. రచయితల ఉత్తరాల సంచులు ఉన్నవాళ్లు ఎవరు ఎవరికి ఏ తేదీన ఏ ఊరి నుంచి రాశారు అన్నంతవరకు ఇస్తే చాలు. లోపల ఏం రాసుకున్నారో సారాంశం ఇవ్వక్కర్లేదు, అందులో బతికున్నవాళ్ల ఇంటి గొడవలు ఉంటాయి.

బయటివాళ్లు ఇలాంటివి ఎప్పుడో దాటేశారు. యూరప్ గ్రంథాలయాల, మ్యూజియాల ఉమ్మడి సైటు యూరోపియానా 2012లోనే రెండు కోట్ల వస్తువుల వివరాలను ఏ షరతూ లేకుండా వదిలేసింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2017లో తన కేటలాగులోని రెండున్నర కోట్ల రికార్డులను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చంది. అందులో మన తెలుగు పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. ఎలాగంటారా? పీఎల్-480 అనే తన చట్టం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి, రూపాయల్లో డబ్బు తీసుకునేది. ఆ రూపాయలతో 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని వాళ్ల యూనివర్సిటీలకు పంపుకున్నారు. అందుకే అరవైల్లో విజయవాడలో అచ్చయిన ఏదో ఒక నవల విజయవాడలో దొరకదు, షికాగోలోనో మాడిసన్‌లోనో దొరుకుతుంది, దాని పేజీల సంఖ్యతో సహా. కాకపోతే పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలోనే ఉంటాయి, ఇంటికి తెచ్చుకుని తెలుగులోకి మార్చుకోవడం మన పని. మన జాతీయ గ్రంథసూచి కూడా అన్ని భాషలనూ రోమన్‌లోనే అచ్చేసింది కాబట్టి అమెరికావాళ్లను అనడానికి మనకు నోరు లేదు.

ఇవ్వకుండా దాచుకుంటే భద్రం అనుకునేవాళ్లకు బ్రిటిష్ లైబ్రరీ సంగతి చెప్పాలి. 2023 అక్టోబరులో దాని కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. ప్రపంచంలోనే పెద్ద గ్రంథాలయాల్లో ఒకటి, కేటలాగు మాయం. పుస్తకాలు అరల్లో ఉన్నాయి, ఏది ఎక్కడుందో చూసుకునే దారి లేదు. 2024 జనవరిలో గానీ ప్రధాన కేటలాగు మళ్లీ కనబడలేదు, అది కూడా చూసుకోవడానికి మాత్రమే. వాళ్లకే అలా జరిగితే, ఒకే ఒక్క పాత డెస్క్‌టాప్‌లో, ఒకే ఒక్క ఎక్సెల్ ఫైలులో ఉన్న మన జాబితాల గతేమిటి? పదిమంది దగ్గర కాపీ ఉంటే అదే బ్యాకప్.

చేయాలనుకున్నవాళ్లకు చిన్న చిన్న సంగతులు. ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా, అంటే ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే ఒట్టి పట్టికగా, సేవ్ చేసి (‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి, లేకపోతే తెలుగు అక్షరాలు పోతాయి) ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి, సొంత వెబ్‌సైటు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. రంగులు, కలిపేసిన గడులు, మధ్యలో ‘నాటకములు’ అని పెద్దక్షరాల శీర్షికలు ఉంటే తీసేసి, విషయానికి ఒక కాలమ్ పెట్టండి. అను ఫాంటులో ఉంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చాక వత్తులు, అరసున్నలు ఒకసారి కంటితో చూసుకోవాలి. వాఙ్మయం అన్నచోట వాజ్మయం అని ఉందేమో తప్పక చూడండి, చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి గానీ వెతికితే దొరకవు. చరిత్రము, చరిత్రం రెండూ కలిపేయకుండా పుస్తకం మీద ఎలా ఉంటే అలా రాయండి, వెతుకులాట సులువు కావాలంటే పక్కన ఇంకో కాలమ్‌లో నేటి తీరులో రాసుకోవచ్చు. తప్పులన్నీ దిద్దాక ఇద్దాంలే అని మాత్రం ఆగకండి. అలా ఆగిన జాబితాలు నాకు తెలిసి చాలానే ఉన్నాయి, దిద్దేవాళ్లు వెళ్లిపోయారు, ఫైళ్లు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు తెలియదు. తప్పులతో బయటికొస్తే దిద్దడానికి ఎవరో ఒకరు దొరుకుతారు, మనవాళ్లకు తప్పులు పట్టడమంటే ఎంత ఇష్టమో తెలిసిందే కదా.

నాకు అన్నిటికంటే ఎక్కువ కావలసినవి పత్రికల విషయసూచికలు. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టడం చాలా పెద్ద ఉపకారం, కానీ అక్కడ ఏ పత్రిక, ఏ తేదీ అన్నంతవరకే దారి. ‘భారతి’ మాసపత్రిక 1924 జనవరిలో మొదలై ఆరు దశాబ్దాలకు పైగా నడిచింది. తెలుగులో శాసనాల మీద, పాత కావ్యాల మీద, జానపదాల మీద గట్టి వ్యాసం ఏది వెతికినా చివరికి ‘భారతి’లోనే తేలుతుంది. స్కాన్ ఉన్నా, లోపల ఏ నెలలో ఎవరు దేని మీద రాశారన్న పట్టిక చేతిలో లేకపోతే ఒక్కో సంచికా తిరగేసుకుంటూ కూర్చోవాలి. అందుకని మొదటి సంచిక నుంచి వ్యాసం పేరు, రచయిత, నెల, సంచిక, పేజీ ఎక్కించడం మొదలుపెట్టాను. అయినంతవరకు షీటు అందరికీ తెరిచే ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు, దిద్దొచ్చు. ఎవరి ఇంట్లోనైనా బైండు చేయించిన ‘భారతి’ సంపుటాలు ఉంటే విషయసూచిక పేజీల ఫోటో తీసి పంపినా చాలు. ముఖ్యంగా అట్టలు, ముందు పేజీలు ఊడిపోని ప్రతులు కావాలి, బైండింగువాళ్లు సంచికల అట్టలు చింపి పారేయడం వల్ల చాలా సంపుటాల్లో ఏ నెల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.